లగ్గాల చాచా

భూపాలపల్లి నుంచి చెల్లె ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఏడో తరగతి వాళ్లు భిన్నాలతో నా నెత్తి తింటున్నారు. "అన్నా, లగ్గాల చాచా పోయిండట. నిన్న నమాజుకు పోయొచ్చి పక్కల ఒరిగిండట, మల్ల లేవలే" అంది. మళ్లీ అదే, "పాపం, మంచోడే అన్నా. నా లగ్గం నాడు తెల్వక చేసిండు గని" అంది.

ఫోన్ పెట్టేశాను. ఆ "తెల్వక" అనే మాట ఇన్నేళ్లుగా వింటున్నాను. మా వాడలో విన్నాను, బజార్లో విన్నాను, మా అమ్మ నోట కూడా విన్నాను. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

ఆయనకూ ఒక పేరుండేది. దుకాణం బోర్డు మీద ఉర్దూలో, తెలుగులో రాసి ఉండేది కూడా. కానీ జనగామలో ఆ పేరు పెట్టి అడిగితే ఎవరూ దారి చూపేవారు కాదు. లగ్గాల చాచా అంటే మాత్రం రైలు గేటు అవతలికి చెయ్యి చూపేవారు. పెంకుటింట్లో శామియానాలు, జంపఖానాలు, బగారన్నం వండే పెద్ద పెద్ద రాగి డేగులు. వాటిని కిరాయికి ఇచ్చేవాడు, వంట కూడా ఆయనే చేసేవాడు. అయితే ఊరు ఆయన దగ్గరికి పోయింది ఆ రెండు పనులకే కాదు. ఇంట్లో మొదటిసారి పెళ్లి తలపెట్టినవాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకుంటున్నవాడు నేరుగా అక్కడికే పోయేవాడు.

గళ్ల లుంగీ, చేతుల్లేని బనీను, నెత్తిన తెల్ల టోపీ. కూర్చోవడానికి కుర్చీలు వందల కొద్దీ ఉన్నా బోర్లించిన డేగు మీదనే కూర్చునేవాడు. ఏ డేగునైనా ముందు వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి వినేవాడు. సన్నటి చీలిక ఉన్నా ఆ మోతలో పట్టేసేవాడు. బీడీ నోట్లో పెట్టుకుని అంటించుకునేవాడు కాదు, పొద్దంతా అదే బీడీ. "ముట్టిస్తే అయిపోతది గద బేటా" అనేవాడు.

మా నాయిన పోయిన నాలుగేళ్లకు చెల్లెకు సంబంధం కుదిరింది. పిల్లగాడిది భూపాలపల్లి, బొగ్గుబాయిలో పని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఇల్లు కట్టే యోగం ఎలాగూ లేదు, ఈ రెండోది నెత్తిన పడింది. నాకు ఇరవై అయిదేళ్లు, ప్రైవేటు బళ్లో పంతులును, పైగా అన్నీ తెలుసు అనే జబ్బు. నేనెవర్నీ అడగదలుచుకోలేదు. నెట్ సెంటరుకు పోయి పెళ్లి ఏర్పాట్లు ఎట్లా చేయాలో వెతికించి, దొరికిన ఇంగ్లీషు కాగితాలు ప్రింటు తీయించుకున్నాను. మా అమ్మ ఆ కట్టను చూసి, "గీ కాయిదాలు పట్టుకొని చాచా కాడికి పో" అంది. పోయాను, మనసులో విసుక్కుంటూనే.

చాచా డేగు మీద కూర్చుని, "సదువు బేటా, ఏం రాసిండ్రో" అన్నాడు.

"మొదటిది, పెళ్లికి ఒక రంగు ఎంచుకోవాలట."

"గోడలకా?"

"కాదు చాచా. పూలు, తెరలు, వచ్చిన చుట్టాల బట్టలు, అన్నీ ఒక్క తీరు రంగు ఉండాలట."

"మానుకోట నుంచి మీ మేనమామ వస్తడు గద. గాయనకు చెప్తవా, గులాబి రంగు అంగి తొడుక్కొని రమ్మని?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. రెండోది చదివాను. ఏడాది ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాలని ఉంది.

"ఏడాదిల తెలంగాణనే వస్తదంటున్నరు మీ శిబిరం కాడ. నీకు నెల రోజులే ఉన్నది." బీడీ ఒక చెంప నుంచి మరో చెంపకు మార్చాడు. "మంచిగ ఎతుకు. ఐరేని కుండలు ఏడున్నయ్ గందుల?"

ఐరేని కుండలంటే కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చుకునే రంగులేసిన కుండలు. అవి రాకపోతే మా దిక్కు పెళ్లి మొదలే కాదు. ఆ కాగితాల్లో కేకు ఉంది, పాటల పెట్టె ఉంది, కుండలు లేవు. చాచా ఆ కట్ట నా చేతిలోంచి తీసుకుని, తిప్పి, వెనక వైపు ఖాళీగా ఉందని చూసి, "కాయిదం మంచిగున్నది. ఎనుక రాద్దాం" అన్నాడు.

అట్లా మొదలైంది. ముందుగా మా ఇంటికొచ్చాడు. గడపలో కూర్చోమంటే కూర్చోలేదు, తిన్నగా పెరట్లోకి పోయాడు. "నీళ్లున్నయా? ఎవరింట్ల బోరు పోస్తది? కరెంటు పోతే చేదబాయి ఏడున్నది?" అని వాకబు చేశాడు. జనగామలో నీళ్లు దొరికితే సగం లగ్గం అయినట్టేనని ఆయన మాట. తర్వాత మా అమ్మ ముందు మొహమాటం లేకుండా, "ముసలోళ్లు మస్తు మంది వస్తరు. పాయఖాన ఒక్కటేనా?" అని అడిగాడు. పక్కింటి వాళ్లను ఒప్పించి ఇంకొకటి తెరిపించిందాకా ఊరుకోలేదు. మేనమామను మూడు రోజుల ముందే పిలిపించమన్నాడు. సమ్మె కాలం, రైళ్లను నమ్ముకోవద్దన్నాడు. మొదటి పత్రిక చిల్పూరు గుట్ట వెంకన్న దగ్గర పెట్టి వచ్చావా లేదా అని రెండుసార్లు అడిగాడు.

ఒక రోజు, "అలిగేటోళ్ల పేర్లు రాయి" అన్నాడు.

"ఎవరు అలుగుతరో ముందే ఎట్ల తెలుస్తది చాచా?"

"పోయిన లగ్గాల అలిగినోళ్లే ఈ లగ్గంల అలుగుతరు. కొత్తోళ్లు అలగరు, వాళ్లకు సిగ్గుంటది."

పదమూడు పేర్లు వచ్చాయి. చాచా ఒక్కొక్కరికీ ఒక్కో పని చెప్పించాడు. పనిలో ఉన్నవాడు అలగడని ఆయన సిద్ధాంతం. పెద్ద బావకు గంధం గిన్నె. దంతాలపల్లి అత్తమ్మకు ఒడిబియ్యం. అందరికన్నా మొండివాడు మా చిన్నాయిన. "గాయనకు ఒక తాళంచెయ్యి ఇయ్యి, బీరువాదని చెప్పు" అన్నాడు.

"ఏ బీరువాది?"

"ఏదైతేంది? నడుముకు తాళంచెయ్యి ఉన్నోడు అలిగి పోడు. పోతే ఎవరికియ్యాల్నో తెల్వదు."

నేను మొదటిసారి పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయనకది పని.

అయినా ఆయన మీద నాకొక గుర్రు ఉండేది, దాచుకోను. ఆ ఏడాది జనగామ మొత్తం ఉద్యమంలో ఉడుకుతోంది. చౌరస్తాలో మా శిబిరం. సాయంత్రం ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల పేర్లు మైకులో చదివేది నేనే. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. చాచా ఒక్కసారి కూడా శిబిరంలో కూర్చోలేదు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు మాత్రం అడగకుండానే నాలుగు డేగులు తోపుడు బండి మీద తోలుకొచ్చి, వండి, కడుక్కుని వెళ్లిపోయాడు. "జై తెలంగాణ అను చాచా" అని ఒకడు ఎగతాళి చేస్తే, "వస్తది బేటా. వచ్చినంక గూడ జనం తినాలె గద" అన్నాడు. పిరికి మాట అని నేను అప్పుడు అనుకున్నాను. నలుగురితో అన్నాను కూడా.

మా వాడలో ఇస్త్రీ కాక ఉండేవాడు. మాకు మూడిళ్ల అవతల. చెల్లె పెళ్లిలో పెళ్లికొడుకు కాళ్ల కింద బట్టలు పరవాల్సింది ఆయనే. ఆయనకొక్కడే కొడుకు, వరంగల్లులో డిగ్రీ చదివేవాడు. సెలవులకు వస్తే శిబిరంలో నా పక్కనే కూర్చునేవాడు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఆ పిల్లగాడు కూడా రాష్ట్రం కోసం ప్రాణం తీసుకోబోయాడు. పెద్ద దవాఖానలో పెట్టారు, బతుకుతాడన్నారు. పెళ్లి రోజు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

కబురొచ్చేసరికి మా ఇంటి ముందు గాడిపొయ్యి తవ్వి ఉంది. దేవరుప్పుల నుంచి తెప్పించిన తుమ్మకట్టెలు పేర్చి ఉన్నాయి, డేగుల్లో నీళ్లు పోసి ఉన్నాయి. అగ్గి మాత్రం ఇంకా పెట్టలేదు. వాడలో అప్పటికే రాజుకున్న పొయ్యిలు ఆర్పేశారు. శవం లేచేదాకా వాడలో పొయ్యి ముట్టించరు. అది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, పాలు తాగినంత సహజం. శవం ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. పోస్టుమార్టం కావాలి, దారి పొడుగునా రాస్తారోకోలు, ప్రతి ఊళ్లో ఆపి దండలేస్తున్నారట.

ముహూర్తం పదకొండింటికి. పెళ్లివారు రాత్రంతా లారీలో, అడ్డుకున్న చోటల్లా దిగి బతిమాలుకుంటూ భూపాలపల్లి నుంచి వచ్చి మా బళ్లోనే దిగారు. సమ్మె వల్ల పెళ్లి అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పొద్దు ఎక్కుతుంటే పెళ్లికొడుకు పెద్దబాపు, అంటే పెదనాయిన, నన్ను పిలిపించాడు.

"మావోళ్లు రాత్రి నుంచి మెతుకు ముట్టలే. పిల్లలు ఏడుస్తున్నరు. వచ్చినోళ్లకు బువ్వ పెట్టనోడు పిల్లనేమిస్తడు? ముహూర్తం దాటితే లారీ ఎక్కుతం. మల్ల రాం" అన్నాడు.

"మా వాడల సావు ఉన్నది పెద్దబాపూ."

"మీ వాడల ఉన్నది. మా కడుపుల లేదు గద."

తిరిగొచ్చేసరికి చాచా ఒక డేగును తోపుడు బండి మీదికి ఎక్కిస్తున్నాడు. "రైలు గేటు అవతల ఇంకో పొయ్యి పెడదాం బేటా. గది మన వాడ కాదు, అంటు రాదు. డప్పు లేకుండ సప్పుడు చెయ్యక మూడు ముళ్లు ఏపిద్దాం. రెండు గంటలు ఆగుమను, నేను పోయి దండం పెట్టి చెప్తా" అన్నాడు.

మంచి ఉపాయం. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనపడింది ఒక్కటే, లారీ ఎక్కుతున్న పెళ్లివారు, లోపల పసుపు బట్టల్లో కూర్చున్న నా చెల్లె. రెండుసార్లు ఆగిన పెళ్లి మూడోసారి ఆగితే ఆ పిల్లను ఇంకెవరు చేసుకుంటారు? మా అమ్మ గోడకు తల కొట్టుకుంటోంది.

"రెండు గంటలు లేవు. ఈడనే ముట్టియ్యి" అన్నాను.

"ముట్టియ్యొద్దు బేటా. పోరడు ఇంకా ఇల్లు సేరలే."

అప్పుడన్నాను. ఈ చేత్తో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. "మా అంటు, మా ముట్టు నీకెందుకు? తురకోనివి, తురకోని లెక్క ఉండు. చెప్పిన పని చెయ్యి."

చాచా నోట్లోంచి బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "నేను ముట్టియ్య" అన్నాడు. కోపంగా కాదు. బండి తోసుకుంటూ కొంచెం ముందుకు పోయి నిలబడ్డాడు.

నేనే కిరసనాయిలు పోశాను. నేనే అగ్గిపుల్ల గీశాను. పచ్చి కట్టె ఒకటి పట్టుకోకపోతే మోకాళ్ల మీద వంగి నేనే ఊదాను. నిన్నటిదాకా మైకులో అమరుల పేర్లు చదివిన నోటితో.

పొగ పెంకుల మీదికి లేచింది. పది నిమిషాలు కూడా గడవలేదు, నేనింకా ఊదుతూనే ఉన్నాను. వాడ మలుపులో నినాదాలు వినిపించాయి. ముందు జెండాలు, వెనక అంబులెన్సు, దాని చుట్టూ వరంగల్లు నుంచి వచ్చిన పిల్లలు, మూడు నాలుగు వందల మంది. పొగ చూసి నినాదాలు ఆగిపోయాయి.

"ఎవడురా, పీనుగ రాకముందే పొయ్యి ముట్టిచ్చింది?"

నేను లేచి నిలబడ్డాను. మా ఇంటి తలుపులో చెల్లె వచ్చి నిలబడింది. అంబులెన్సు ముందు తలుపు తీసుకుని ఇస్త్రీ కాక దిగాడు. చెప్పు చేతిలో ఉంది. నా దిక్కే వస్తున్నాడు.

మా ఇద్దరి మధ్యలోకి చాచా వచ్చి నిలబడ్డాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది.

"నేనే ముట్టిచ్చిన. తురకోన్ని. మీ పద్ధతి నాకెట్ల ఎరుక?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా మా వాడ అంటూ ముట్టూ అడుగుతున్నది ఆయన్నే. ఆ మాట నిజం కాదని అక్కడున్న ముసలివాళ్లకు తట్టి ఉండాల్సింది. కానీ మండిపోతున్నవాడికి ఏదో ఒకటి దొరికితే చాలు. ఇస్త్రీ కాక చెప్పుతో ఆయన మొహం మీద రెండు దెబ్బలు కొట్టాడు. పిల్లలు డేగులు తన్నారు. వేడెక్కుతున్న నీళ్లు వాడంతా పారాయి. ఎవరో చాచాను తోశారు, గాడిపొయ్యి గట్టు తగిలి నుదురు చిట్లింది. పందిరిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టించినవాడు దొరికాడు కదా. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. చాచా ఒక్కటే ఆడాడు.

నేను అక్కడే ఉన్నాను. నేనేం మాట్లాడలేదు.

శవం లేచిందాకా పెళ్లివారు కూడా కదల్లేదు. అన్ని వందల మందిని చూసి పెద్దబాపు లారీ మాట మర్చిపోయాడు. అయ్యగారు మధ్యాహ్నానికి ఇంకో ముహూర్తం చూశాడు. డప్పు లేకుండా, గుసగుసలతో పెళ్లి జరిగింది. నుదుటికి గుడ్డ చుట్టుకుని చాచా డేగులు కడిగి, ఆరిన పొయ్యి మళ్లీ రాజేసి, మూడింటికల్లా బగారన్నం దించాడు. పెద్దబాపు రెండోసారి వడ్డించుకుని, "ఉప్పూ కారం మంచిగ వడ్డయ్" అన్నాడు. సామాన్లు బండికెక్కించి వెళ్లేముందు చాచా నా దగ్గరికొచ్చాడు. "అప్పగింతలప్పుడు అందరు ఏడ్సుకుంట బయటికి పోతరు. దేవుని కాడ దీపం ఆరనియ్యకు" అని మాత్రం చెప్పాడు.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. "పీనుగ మీద పొయ్యి పెట్టిన తురకోడు" అన్న పేరు పడింది. తెలియక చేశాడని జాలిపడేవాళ్లు కొందరు, కావాలనే చేశాడని పళ్లు నూరేవాళ్లు కొందరు. జాలిపడేవాళ్లు కూడా సామాన్లు ఇంకొకరి దగ్గరే తెచ్చుకున్నారు. నేను ప్రతి వారం అనుకునేవాణ్ణి, ఈ శుక్రవారం పోయి నలుగురిలో చెప్పేస్తానని. చెప్తే ఏమవుతుంది? శిబిరంలో నా కుర్చీ పోతుంది. మైకు పోతుంది. చెల్లె కోసం నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం, ఎక్కువ నా పిరికితనం.

తెలంగాణ వచ్చింది. ఆ రాత్రి చౌరస్తాలో నేను మాట్లాడాను, జనం చప్పట్లు కొట్టారు. అప్పటికే రైలు గేటు అవతల ఆ పెంకుటింటికి తాళం పడింది. డేగులు పాత సామాన్లవాడికి పోయాయని, చాచా భూపాలపల్లిలో బిడ్డ దగ్గరికి చేరాడని విన్నాను.

ఒక్కసారి కలిశాను. మేనకోడలి పుట్టినరోజు భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో చేస్తున్నారు. చేతులు కడుక్కునే చోట ఒక ముసలాయన చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. నా చేతుల మీద కూడా పోశాడు. తలెత్తి చూస్తే చాచా. నుదుటి మీద మచ్చ అట్లాగే ఉంది.

"బేటా! చెల్లె మంచిగున్నదా?"

"మంచిగున్నది చాచా."

"నువ్వు చేసుకున్నవా లగ్గం?"

"చేసుకున్న."

"ఎవరు వండిండ్రు?"

ఎవరో కేటరింగువాళ్లని చెప్పాను. "నీళ్లకు తక్లీఫ్ కాలేదు గద?" అన్నాడు. లేదన్నాను. నా వెనక వరుసలో జనం ఉన్నారు, పక్కకు జరిగాను. చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మళ్లీ ఆ దిక్కు పోలేదు. క్షమించమని అడగడానికి అంతకన్నా సమయం రాదని తెలిసి కూడా పోలేదు. థూ, నా బతుకు.

చెల్లె ఫోన్ వచ్చిన సాయంత్రం బడి విడవగానే ఇస్త్రీ కాక దగ్గరికి పోయాను. ఇప్పటికీ వాడ మలుపులోనే ఆయన బండి. పైన కొడుకు ఫొటో. ఎన్నికలప్పుడు ఎవరెవరో వచ్చి దండలేసి పోతుంటారు. కాక ఎవరిదో తెల్ల అంగీ ఇస్త్రీ చేస్తున్నాడు.

"కాకా, లగ్గాల చాచా పోయిండు."

"ఎరుకే. పొద్దుగాలనే తెలిసింది."

"ఆ పొద్దు పొయ్యి ఆయన ముట్టియ్యలే. నేను ముట్టిచ్చిన."

ఇస్త్రీపెట్టె ఆగలేదు. కాలరు మీద నెమ్మదిగా తిరిగింది.

"గదీ ఎరుకే" అన్నాడు.

"ఎట్ల ఎరుక కాకా?" అన్నాను.

"ముంగటి సీట్ల ఎత్తుల కూసున్న గద. మలుపు తిరగంగనే అన్ని కనవడ్డయ్. నువ్వు వంగి ఊదుతున్నవు. చాచా బండి కాడ ఉన్నడు, అల్లంత దూరం."

"మరి ఆయననెందుకు కొట్టినవ్ కాకా?"

పెట్టెను నిలబెట్టాడు. నా మొహంలోకి మొదటిసారి చూశాడు.

"నేను దిగింది నిన్ను కొట్టేటందుకే. సంపుతుంటి. గాయన అడ్డమొచ్చిండు. నేనే ముట్టిచ్చిన అనుకుంట నా కండ్లల్లకు సూసిండు, తలకాయ ఇట్ల కిందికన్నడు. కొట్టు అన్నట్టు. మీ తలుపుల పసుపు బట్టలతోని పిల్ల నిలవడ్డది. నిన్ను కొడితే లగ్గం ఆగుతది. ఎవన్నీ కొట్టకపోతే ఆ పోరగాండ్లు ఆగరు, పందిరి పీకుతరు. కొట్టిన."

"తర్వాత ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"దినాల నాడు పోయి కాళ్లు మొక్కిన. అందరికి చెప్తా అన్న. వద్దన్నడు. పీనుగ మీద లగ్గం చేసుకున్నదని ఆ పిల్లకు పేరొస్తది, సచ్చేదాక పోదు అన్నడు."

నేను ఏడుస్తున్నాను. కాక ఏడవలేదు. అంగీ మడత పెట్టి పక్కన పెట్టి, ఇంకోటి తీసి పరిచాడు.

"నా కొడుకు అంబులెన్సుల పండుకొని ఉండంగ, నీ చెల్లె లగ్గం మేమిద్దరం చేసినం. నువ్వు చెయ్యలే."